మన్యంలో కల్లు మాన్పించిన సీతారామరాజు



చెడు అలవాటును ఒక్కసారిగా వదిలేయాలా, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలా? తాగుడు, బీడీ, ఖైనీ, గుట్కా విషయంలో ఈ ప్రశ్న ఎంతోమంది ఇళ్ళలో నలుగుతూ ఉంటుంది. నిజం చెప్పాలంటే అలవాటు ఉన్నవాడు దీన్ని అడగడం తక్కువ. అతని భార్యో, తల్లో అడుగుతుంది. అతను ఈ నెల తగ్గించానని చెబుతున్నాడు, పోయిన రంజాన్‌లోనూ అదే చెప్పాడు, నమ్మాలా వద్దా అన్నది ఆమె బాధ. మసాయిల్ పద్ధతిలో జవాబు రాస్తే నాలుగు వాక్యాలకు మించదు. ఈసారి అలా కాకుండా ఒక మనిషి జీవితం చెప్పదలిచాము.

ఆయన మన ధర్మానికి చెందినవారు కాదు. అయినా మంచి మాట ఎక్కడ దొరికినా దాన్ని పోగొట్టుకున్న సొత్తులా ఏరుకోవాలని మన పెద్దలు నేర్పారు. పైగా ఆయన మన కొండల మనిషి. ముంచింగిపుట్టు సంతలో సరుకు పరిచే వ్యాపారి అయినా, పాడేరు బస్సులో ప్రయాణం చేసే విద్యార్థి అయినా ఆయన పేరు చదవకుండా రోజు గడవదు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. అల్లూరి సీతారామరాజు అనగానే మనకు విల్లు, బాణాలు, పోలీసు స్టేషన్ల మీద దాడులు గుర్తుకు వస్తాయి. తుపాకీ పట్టకముందు ఆయన మన్యంలో చేసిన మరో పని ఉంది. ప్రజల చేత తాగుడు మాన్పించడం. బడి పుస్తకాల్లో దానికి ఒక వాక్యం కంటే ఎక్కువ చోటు దొరకదు.

ఆ పని ఎంత కష్టమైనదో తెలియాలంటే ముందు కొండల్లో కల్లు అంటే ఏమిటో తెలియాలి. పట్నంలో సారా దుకాణం వేరు, కొండ మీద జీలుగు చెట్టు వేరు. ముంచింగిపుట్టు, పెదబయలు, చింతపల్లి దారుల్లో నిలువుగా ఎదిగిన జీలుగు చెట్టును, దాని మొవ్వు దగ్గర వేలాడే కుండను చూడనివారు ఉండరు. వేసవిలో గాదెలోని చోళ్ళు, సామలు అయిపోయి, కొత్త పంట ఇంకా చాలా దూరంలో ఉన్నప్పుడు, కొండవాసికి కడుపు నింపేది అంబలితోపాటు ఆ కల్లే. చెట్టు కింద చేరి కలిసి తాగడం చుట్టరికం. పెళ్ళికీ, చావుకూ, పండుగకూ అది లేకుండా జరగదు. దానికి తోడు ఇప్పపువ్వు సారా. ఇలాంటి చోట కల్లు మానమని చెప్పడం, ఒక రకంగా అన్నం మానమని, బంధువులను మానమని చెప్పినట్లే వినిపిస్తుంది.

అంతేకాదు, ఆ కల్లు కోసం వారు రక్తం చిందించారు కూడా. గోదావరి జిల్లా ఉత్తరాన ఉన్న రంప కొండల్లో మన్సబుదారు కల్లు గీత మీద చిగురుపన్ను అనే పన్ను వసూలు చేసేవాడు. 1878 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం కొత్త ఆబ్కారీ నిబంధనలు తెచ్చింది. కల్లు హక్కులు మైదానం నుంచి వచ్చిన గుత్తేదార్ల చేతిలో పడ్డాయి. తన చెట్టుకు తానే కుండ కట్టుకోవడం నేరమైపోయింది. 1879 మార్చిలో రంప మండింది. ఆ మంటలు విశాఖ కొండలకూ, భద్రాచలం వైపుకూ పాకాయి. చరిత్రలో దీన్ని రంప పితూరీ అంటారు. (పితూరీ అన్న మాట మన ఉర్దూలోని ఫుతూర్ నుంచి వచ్చిందే. మన్సబుదారు, ఆబ్కారీ కూడా ఆ దారిలో వచ్చినవే.) విచారణకు వచ్చిన అధికారి సలివన్ కూడా ఈ తిరుగుబాటుకు కల్లు నిబంధనలను ఒక ముఖ్య కారణంగా చూపించాడు.

అంటే 1879లో బయటివాడు వచ్చి కల్లు మీద చెయ్యి వేస్తే తాతలు కత్తి పట్టారు. నలభై ఏళ్ళ తర్వాత మరో బయటివాడు వచ్చి అసలు కల్లే మానమన్నాడు. మనవలు అతణ్ణి తరమలేదు సరికదా, అతని వెనుక నడిచారు. ఈ తేడా ఎలా వచ్చిందన్నదే మేము చెప్పదలిచిన విషయం.

సీతారామరాజు 1897 జూలై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో, తల్లి సూర్యనారాయణమ్మ పుట్టింట జన్మించారు. తండ్రి వెంకటరామరాజు ఫొటోగ్రాఫరు. రాజమండ్రిలో ఉండగా 1908లో తండ్రి చనిపోయారు. అప్పటికి పిల్లవాడికి పదకొండేళ్ళు. పినతండ్రి రామకృష్ణంరాజు ఆసరాతో చదువు సాగింది గాని, ఒకచోట నిలకడగా సాగలేదు. నరసాపురం, కాకినాడ, తుని, విశాఖపట్నం అంటూ ఊళ్ళు మారాయి, బడులు మారాయి. చదువు మీద కంటే గుర్రపు స్వారీ మీద, ఏకాంతం మీద మనసు ఎక్కువ. 1916లో ఇల్లు విడిచి ఉత్తర దేశమంతా తిరిగారు. 1917లో కొండల అంచున ఉన్న కృష్ణదేవిపేట చేరుకున్నారు. అప్పటికి ఇరవై ఏళ్ళ యువకుడు. కాషాయం, పెరిగిన జుట్టు. మాంసం లేదు, మద్యం లేదు, పొగాకు లేదు. అక్కడే ఆగిపోయారు.

ఆయన తిరిగిన గూడెం, చింతపల్లి, కృష్ణదేవిపేట కొండలు ముంచింగిపుట్టుకు దక్షిణాన ఉన్నాయి. మధ్యలో ఎన్నో ఘాట్లు. అయినా కష్టాలు అంతటా ఒకటే. పోడు కొట్టుకోనివ్వని అడవి చట్టాలు, వెట్టి, సావుకారు అప్పులు. సావుకార్ల చేతుల్లోకి గిరిజనుల భూములు ఎంత వేగంగా వెళ్ళిపోతున్నాయో చూసి మద్రాసు ప్రభుత్వమే 1917లో ఏజెన్సీ భూముల బదిలీని, వడ్డీని కట్టడి చేసే చట్టం తేవలసివచ్చింది. రాజు కొండ ఎక్కింది సరిగ్గా ఆ సంవత్సరమే. కొండల్లో అప్పుకూ తాగుడుకూ ఉన్న బంధం తెలిసినదే. సారా కోసం చేబదులు, చేబదులుకు వడ్డీ, వడ్డీకి పంట, పంట చాలకపోతే పొలం. తాగి కొట్టుకుంటే కోర్టు, కోర్టుకు మళ్ళీ అప్పు.

ఇక్కడ పాఠకులు ఒక్కక్షణం ఆగి తారీఖులు చూడాలి. ఆయన వచ్చింది 1917. తాగుడు మానండి, తగవులు కోర్టుకు తీసుకుపోకుండా పంచాయతీల్లో తీర్చుకోండి అని గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది సహాయ నిరాకరణ ఉద్యమం దేశమంతా వ్యాపించిన 1921 ప్రాంతంలో. మధ్యలో నాలుగేళ్ళు ఏం చేశారు? జ్వరం వచ్చినవాడికి మూలికలతో వైద్యం చేశారు. అడిగినవాడికి ముహూర్తం చెప్పారు. (జ్యోతిషం మన దీన్‌లో చెల్లదు. జరిగింది జరిగినట్లు చెబుతున్నామంతే.) కొండవాళ్ళ గుడిసెల్లో కూర్చున్నారు, వాళ్ళ తగవులు విన్నారు. వారి దగ్గర ఏమీ ఆశించలేదు. అధికారులూ, గుత్తేదార్లూ, సావుకార్లూ, అంతవరకు కొండెక్కిన ప్రతి బయటి మనిషీ ఏదో ఒకటి పట్టుకుపోవడానికే వచ్చాడు. ఏమీ పట్టుకుపోని మనిషిని వాళ్ళు చూడటం అదే మొదలేమో.

నాలుగేళ్ళ తర్వాత ఆయన మానమన్నప్పుడు, అడిగిన మనిషి ఎవరో వాళ్ళకు తెలుసు. అడిగేది కూడా తనకోసం కాదని తెలుసు. మేము చదివినంతలో ఆయన సగం తాగండనో, సంత రోజున మాత్రమే తాగండనో చెప్పినట్లు ఎక్కడా కనిపించలేదు. చెప్పింది మానమనే. అయితే కుండ దించమని చెప్పి ఊరుకోలేదు. చెట్టు కింద కలిసే జనానికి కలవడానికి మరోచోటు చూపించారు, అదే పంచాయతీ. అక్కడ తగవు తీరేది, ఖర్చు లేదు, అప్పు లేదు. చాలా పల్లెలు ఆయన మాట పట్టుకున్నాయి.

ఈ వరుస చదువుతుంటే మాకు మదీనా మునవ్వరా గుర్తుకు రాకుండా ఉండదు. మద్యం గురించి దివ్య ఖుర్ఆన్ ఆదేశాలు ఏ క్రమంలో వచ్చాయో మన మక్తబ్ పిల్లలకు కూడా తెలుసు. మొదట సూరా బఖరాలో, మద్యంలోనూ జూదంలోనూ కొంత లాభం ఉన్నా పాపం దానికంటే పెద్దదని తెలియజేయబడింది. తర్వాత సూరా నిసాలో, మత్తులో ఉండగా నమాజు దరిదాపులకు పోరాదని ఆజ్ఞ వచ్చింది. రోజుకు అయిదు నమాజులున్నవాడికి ఇక తాగడానికి మిగిలే వేళ ఎంత? చివరగా సూరా మాయిదాలో పూర్తి నిషేధం వచ్చింది. ఆ రోజు హజ్రత్ అబూ తల్హా (రజి) ఇంట్లో హజ్రత్ అనస్ (రజి) అతిథులకు మద్యం పోస్తున్నారు. వీధిలో చాటింపు వినబడింది. వెంటనే ఉన్నదంతా పారబోశారు. మదీనా వీధుల్లో మద్యం కాలువ కట్టింది. చివరి గ్లాసు పూర్తి చేస్తామని గాని, ఉన్న సరుకు అయిపోనిమ్మని గాని అన్నవారు లేరు.

దీన్ని చూపించి కొందరు మన ధర్మమే క్రమంగా మానడం నేర్పిందని అంటారు. కాబట్టి తానూ క్రమంగా తగ్గించుకుంటున్నానని సంజాయిషీ చెప్పుకుంటారు. ఈ వాదన పైకి బాగున్నట్లే కనిపిస్తుంది. హజ్రత్ ఆయిషా (రజి) చెప్పినది దీని కీలకాన్ని విప్పుతుంది. ముందుగా అవతరించినవి స్వర్గ నరకాల ప్రస్తావన గల సూరాలనీ, మనుషులు ఇస్లాంలో కుదురుకున్న తర్వాతే హలాల్ హరాం ఆదేశాలు వచ్చాయనీ, మొట్టమొదటే తాగవద్దని వచ్చి ఉంటే మేము ఎన్నటికీ మానమని జనం అనేవారనీ ఆమె వివరించారు. సహీహ్ బుఖారీలో ఈ ఉల్లేఖనం ఉంది. అంటే సంవత్సరాల తరబడి మెల్లమెల్లగా జరిగింది మనసును సిద్ధం చేయడం. మనసు సిద్ధమయ్యాక మానడం మాత్రం ఒక్క పూటలోనే జరిగిపోయింది. మెల్లగా నడవడం నేర్పేవాడి ఓర్పు. దాన్ని తాగేవాడు తనకు సెలవుచీటీగా వాడుకోవడం వేరే సంగతి.

ఖలీఫా హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మతుల్లాహి అలైహి) జీవితంలోనూ ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. హిజ్రీ 99లో ఖిలాఫత్ భారం మీద పడగానే అంతవరకు అలవాటైన ఖరీదైన దుస్తులను, సుగంధాలను, రాచ వాహనాలను తన వరకు ఒక్క దెబ్బతో వదిలేశారు. ప్రజల విషయంలో మాత్రం నెమ్మదిగా నడిచారు. కొడుకు అబ్దుల్ మలిక్ యువకుడు, ఉడుకు రక్తం. అన్యాయాలన్నీ ఒకేసారి ఎందుకు తుడిచివేయరని తండ్రిని నిలదీశాడు. మద్యాన్ని అల్లాహ్ రెండుసార్లు నిందించి మూడోసారి నిషేధించాడని తండ్రి గుర్తుచేశారు. మొత్తం సత్యాన్ని ఒకేసారి ప్రజల మీద మోపితే మొత్తాన్నీ ఒకేసారి విసిరికొడతారని తన భయమని కొడుక్కి నచ్చజెప్పారు. తన మీద కత్తివేటు, ఇతరుల మీద ఓర్పు. మనలో చాలామందిమి దీన్ని తలకిందులు చేస్తాము. కొడుకు బీడీ కాలిస్తే ఆ క్షణమే మానాలంటాము, మన జర్దా పాన్ మాత్రం క్రమంగా తగ్గుతూ ఉంటుంది.

మనసు సిద్ధం కాకుండా ఆజ్ఞ ఒక్కటే వస్తే ఏమవుతుందో మన రాష్ట్రమే చూసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం నిజంగా ఇళ్ళలోంచి పుట్టింది. దాని ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తివేశారు. 2019 తర్వాత దశలవారీగా నిషేధిస్తామని బయలుదేరినదీ గమ్యం చేరలేదు. ఒక్కసారిగా చేసిందీ నిలవలేదు, దశలవారీగా చేస్తామన్నదీ పూర్తికాలేదు. కాబట్టి లోపం వేగంలో మాత్రమే ఉందని అనుకోలేము.

ఇంటి మాటకు వద్దాము. ఈ విషయంలో మా మాట అపార్థం చేసుకుని ఎవరూ ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు. ఏళ్ళ తరబడి ప్రతిరోజూ విపరీతంగా తాగేవాడు హఠాత్తుగా మానేస్తే ఒకటి రెండు రోజుల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. కొందరికి మూర్ఛలు వస్తాయి, మతి చెదిరి లేనివి కనబడతాయి. ఒక్కోసారి ప్రాణం కూడా పోతుంది. అలాంటి మనిషిని గదిలో పెట్టి తాళం వేయడం ధర్మం కాదు. ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అక్కడ వైద్యులు వణుకును, మూర్ఛను ఆపే మందులు ఇచ్చి, కొద్ది రోజుల్లో ఆ మందులను మెల్లగా తగ్గిస్తూ వస్తారు. గమనించండి, అక్కడ క్రమంగా తగ్గేది మందు బిళ్ళ. మద్యం మొదటి రోజే ఆగిపోతుంది.

పొగ విషయంలో ఆ ప్రమాదం లేదు. చిరాకు, ఆకలి, తలనొప్పి ఉంటాయి గాని ప్రాణభయం ఉండదు. ఇంగ్లండులో దాదాపు 700 మంది మీద చేసి 2016లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఒక రోజు నిర్ణయించుకుని ఒక్కసారిగా మానినవారిలో నాలుగు వారాల తర్వాత 49 శాతం మంది నిలబడ్డారు. రెండు వారాలు తగ్గించుకుంటూ వచ్చి మానినవారిలో 39 శాతం మందే నిలబడ్డారు. రెండు గుంపులకూ సలహా, మందు సాయం అందాయి. కాబట్టి బీడీ కట్ట నుంచి రోజుకొకటి తీసేస్తున్నానని లెక్క చెప్పే భర్తను నమ్మాలా వద్దా అని అడిగే సోదరికి మా జవాబు ఇది: లెక్కను పక్కన పెట్టి, మానే తారీఖు ఏదో చెప్పమనండి. తారీఖు చెప్పగలిగితే తోడుగా ఉండండి. మొదటి వారం చిరాకు పడతాడు, మీరు మాత్రం మాటలు విసరవద్దు.

తిరిగి మన్యానికి వెళదాము. తాగుడు మానడం, కోర్టులు మానడం ప్రభుత్వానికి రుచించలేదు. మద్రాసు రాష్ట్రానికి ఆబ్కారీ పెద్ద ఆదాయ మార్గాల్లో ఒకటి. కుండ దించితే ఖజానాకు నష్టం, కోర్టుకు రాకపోతే పరువుకు నష్టం. 1922 మొదట్లో రాజు మీద నిఘా పెట్టారు, కొండల నుంచి దించి నర్సీపట్నం వైపు అదుపులో ఉంచారు. అప్పుడు ఆయనను నమ్మినవాడు, పోలవరంలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న ఫజులుల్లా ఖాన్ అనే మన మతస్థుడే. ఆయన చొరవ వల్లనే రాజు పైడిపుట్టలో ఉండగలిగారనీ, 1922 మధ్యలో మళ్ళీ మన్యంలో అడుగుపెట్టగలిగారనీ రాజు జీవితం రాసినవారు చెబుతారు. ఒక సర్కారు ఉద్యోగి, పై అధికారులకు అనుమానం ఉన్న సన్యాసి పక్షాన నిలబడటం చిన్న విషయం కాదు.

తర్వాతి కథ అందరికీ తెలిసినదే గనుక క్లుప్తంగా చెబుతాము. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు వేసే రోడ్డు పనిలో గూడెం తహసీల్దారు బాస్టియన్ కింద కూలీలు వెట్టి చేశారు, కొరడా దెబ్బలు తిన్నారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద రాజు దళం దాడి చేసి తుపాకులు తీసుకుపోయింది. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు మరణించారు. అస్సాం రైఫిల్స్ దిగింది. దాదాపు రెండేళ్ళు కొండలు అట్టుడికాయి.

మా విషయానికి ముఖ్యమైనది ఆ దళంలోని ఒక మనిషి. గాం సోదరులు గంటందొర, మల్లుదొర రాజుకు కుడి ఎడమ భుజాలు. మల్లుదొర సాహసి, ఎదురుకాల్పుల్లో వెనుతిరగనివాడు. అయితే తాగుడు ఆయనను వదలలేదు. ఊరూరా కల్లు మాన్పించిన నాయకుడి పక్కనే, ఆయన ప్రాణంలా చూసుకున్న అనుచరుడు మానలేకపోయాడు. చివరికి తాగుడు మూలంగానూ, నడవడి మూలంగానూ దళం విడిచి వెళ్ళమని రాజు ఆదేశించారని జీవితచరిత్రకారులు రాశారు. మనుషులు తక్కువై, పోలీసులు చుట్టుముడుతున్న సమయంలో ఒక మంచి యోధుణ్ణి పంపించివేయడం నాయకుడికి ఎంత బరువో ఊహించుకోవచ్చు. ఉంచుకుంటే మానినవారందరి ముందూ మాట పోతుంది. దళానికి దూరమైన మల్లుదొర 1923 సెప్టెంబరులో సైనికుల చేతికి చిక్కారు.

ఇస్లామీ చరిత్రలో ఇలాంటి మరో యోధుడు ఉన్నారు, హజ్రత్ అబూ మిహ్జన్ సఖఫీ (రజి). కవి, శూరుడు, కాని మద్యం వదల్లేదు. ఎన్నిసార్లు హద్ శిక్ష పడినా మళ్ళీ తాగేవారు. ఖాదిసియ్యా యుద్ధ సమయంలో సేనాపతి హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఆయనను గొలుసులతో కట్టి ఉంచారు. బయట యుద్ధం సాగుతుంటే ఆ శబ్దం వింటూ కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. బ్రతికి ఉంటే తిరిగి వచ్చి గొలుసు తొడుక్కుంటానని మాట ఇచ్చి, సేనాపతి భార్యను వేడుకుని బయటపడ్డారు. సేనాపతి గుర్రం మీదే రణరంగంలోకి దూకారు. రోజంతా పోరాడి, మాట తప్పకుండా వచ్చి తిరిగి సంకెళ్ళు వేసుకున్నారు. విషయం తెలిసిన హజ్రత్ సాద్ ఆయనను విడిచిపెట్టారు, ఇక శిక్షించనన్నారు. చరిత్రకారులు చెప్పేదేమిటంటే అబూ మిహ్జన్ సరిగ్గా ఆ రోజు నుంచే మద్యం ముట్టలేదు. ఇంతవరకు శిక్ష తనను కడిగేస్తుందన్న ధీమా ఉండేదనీ, ఇప్పుడు శిక్ష లేదు గనుక అల్లాహ్ కోసమే వదులుతున్నాననీ ఆయన ఉద్దేశం. ఎన్నోసార్లు పడి లేచిన మనిషి ఒక్క రోజున మానేశారు. ఆ రోజు కోసం ఎన్నేళ్ళు పట్టిందో లెక్కపెట్టేవారు దాన్ని క్రమంగా మానడం అంటారు, ఆ రోజును మాత్రమే చూసేవారు ఒక్కసారిగా మానడం అంటారు.

రాజు దగ్గర గొలుసు లేదు, కోట లేదు, శిక్షించి ఉంచుకునే చోటు లేదు. ఉన్నదల్లా అడవి, వెంటాడే సైన్యం. అందుకే ఆయన చేసిన దాన్ని మేము తప్పుపట్టలేము. అయినా మల్లుదొరకు ఖాదిసియ్యా లాంటి ఒక రోజు దొరికి ఉంటే బాగుండేదని అనిపించకమానదు.

1924 మే 7న మంప దగ్గర రాజు పట్టుబడ్డారు. కొయ్యూరులో మేజర్ గుడాల్ ఆయనను విచారణ లేకుండా కాల్పించాడు. వయస్సు ఇరవై ఏడు నిండలేదు. కృష్ణదేవిపేటలో, ఆయన మొదట వచ్చి ఆగిన ఊళ్ళోనే, అంత్యక్రియలు జరిగాయి. ఏడేళ్ళ మన్యవాసంలో తుపాకీ పట్టింది రెండేళ్ళే. మిగతా అయిదేళ్ళూ మూలికలకు, పంచాయతీలకు, కల్లు కుండలకు పోయాయి. నెల తిరిగేసరికి గంటందొర కూడా పోరులో మరణించారు.

మల్లుదొరకు మొదట ఉరిశిక్ష పడింది, తర్వాత దాన్ని ద్వీపాంతరవాసంగా మార్చి అండమాన్ పంపించారు. 1937లో విడుదలయ్యారు. తన నాయకుడు తుపాకీ ఎత్తిన కొండలకు స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో దేశపు మొట్టమొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికై ఢిల్లీ వెళ్ళారు.